చిల్కూట్ కనుమ ఫొటో: మూటలు మోసినవాళ్ల పేర్లు ఎక్కడ?

వానచినుకు_సియాటిల్
పోయిన జూన్‌లో అమ్మానాన్నలతో అలాస్కా క్రూయిజ్‌కి వెళ్లొచ్చాం. స్కాగ్వేలో ఓడ ఆగినప్పుడు ఒక కొట్లో పాత ఫొటో ప్రింటు కొన్నాను. మీలో చాలామంది చూసే ఉంటారు. తెల్లటి మంచుకొండ, దాని మీద కింద నుంచి కొస దాకా చీమల బారులా మనుషులు, ఒకరి వెనక ఒకరు. 1898 నాటి చిల్కూట్ కనుమ, క్లోండైక్ బంగారం కోసం పోయినవాళ్లు.

ఇంటికొచ్చాక నాన్న (తెనాలిలో హైస్కూల్ మాస్టారుగా రిటైర్ అయ్యారు) దాన్ని డైనింగ్ టేబుల్ మీద పరిచి, పంచాంగం చూసుకునే భూతద్దం తెచ్చుకుని గంటసేపు చూశారు. చివరికి, "వరుసలో ఉన్నవాళ్ల సంగతి సరే. ఈ కింద మూల, సామాన్ల కుప్ప పక్కన నుదుటికి పట్టీ వేసుకుని మూట మోస్తున్నాయన ఎవరమ్మా? ఈయన వేషం వేరేగా ఉందే" అన్నారు. ప్రింటు వెనక్కి తిప్పితే "బంగారు వేటగాళ్లు" అని ఒక్క ముక్క ఉంది. గైడూ ఆయన గురించి ఏమీ చెప్పలేదు. నాకు నిజంగా బాధేసింది. నూటపాతికేళ్లుగా అమ్ముడుపోతున్న ఫొటోలో ఉన్న మనిషికి ఒక్క వాక్యం కూడా రాయలేరా?

తెలిసినవాళ్లు చెప్పండి. ఆ మూటలు మోసినవాళ్లెవరు? ఇది రోజూ కనిపించే దృశ్యమా, లేక ఫొటో కోసం నిలబెట్టారా? అంత చలిలో ఆ రోజుల్లో ఫొటో ఎలా తీశారు? స్కాగ్వే నుంచి ఆ కొండ ఎంత దూరం?

బొగ్గింజన్
చివరి ప్రశ్నకి నేను చెప్తాను. చిల్కూట్ దారి స్కాగ్వే నుంచి మొదలుకాదు, ఆ పక్కనే ఉన్న డైయీ నుంచి. అక్కడి నుంచి కనుమ దాటి బెన్నెట్ సరస్సు దాకా 33 మైళ్లు. స్కాగ్వే నుంచి వెళ్లేది వైట్ పాస్ అనే వేరే దారి. ఎత్తు తక్కువే గానీ బురద, బండరాళ్లు. ఆ దారిలో సుమారు 3,000 గుర్రాలు చచ్చిపోయాయి. "చచ్చిన గుర్రాల దారి" అనే పేరు అలా పడింది.

తర్వాత ఆ వైట్ పాస్ మీదుగానే రైలు వేశారు. 1898 మేలో పని మొదలైంది, 1900 జులై 29న కార్‌క్రాస్ దగ్గర పట్టాలు కలిశాయి. మూడడుగుల గేజి, వైట్‌హార్స్ దాకా 110 మైళ్లు. రైలు రావడంతో స్కాగ్వే బతికింది, డైయీ పోయింది. వేలమంది తిరిగిన ఊరు, ఇప్పుడు అడవి.

వానచినుకు_సియాటిల్
మేం ఎక్కింది ఆ రైలే! కిటికీలోంచి కింద లోయలో సన్నటి కాలిబాట చూపించి "అదే పాత దారి" అన్నారు. నేను అదే చిల్కూట్ అనుకున్నాను.

కాకినాడ_కుర్రాడు
క్లోండైక్ అంటే అలాస్కాలోదే కదా? మరి కార్‌క్రాస్, వైట్‌హార్స్ కెనడా ఊళ్లు. తికమకగా ఉంది.

యూకాన్_దారి
చాలామంది పడే తికమకే. బంగారం దొరికింది కెనడాలో, యూకాన్ ప్రాంతంలో. దిగాల్సిన రేవు మాత్రం అమెరికా వాళ్ల అలాస్కాలో. సరిహద్దు కనుమ కొస మీద. నేను వైట్‌హార్స్‌లో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాను కాబట్టి మొదటి ప్రశ్నకి కూడా జవాబు చెప్తాను.

1896 ఆగస్టు 16న రాబిట్ క్రీక్ అనే చిన్న వాగులో బంగారం కనిపించింది. తర్వాత దాన్నే బొనాంజా క్రీక్ అన్నారు. అక్కడ ఉన్నది కాలిఫోర్నియా నుంచి వచ్చిన జార్జ్ కార్మాక్, ఆయన భార్య కేట్, ఆమె అన్నదమ్ముడు స్కూకమ్ జిమ్, వాళ్ల మేనల్లుడు డాసన్ చార్లీ. కార్మాక్ తప్ప మిగతా ముగ్గురూ టాగిష్ జాతివాళ్లు. స్కూకమ్ జిమ్ అసలు పేరు కేష్. కేట్ అసలు పేరు షా ట్లా. మొదటి క్లెయిమ్, అంటే ఆ చోట తవ్వుకునే హక్కు, మాత్రం కార్మాక్ పేరు మీద నమోదైంది. చూసింది ఎవరనేదాని మీద వాదన ఇప్పటికీ నడుస్తోంది. ఇక్కడి టాగిష్ కుటుంబాలు జిమ్ అనే చెప్తాయి.

కబురు బయటికి రావడానికి ఏడాది పట్టింది. 1897 జులై 17న "పోర్ట్‌లాండ్" అనే ఓడ బంగారంతో సియాటిల్ రేవుకి రాగానే ఊళ్లకు ఊళ్లు కదిలాయి. బయల్దేరినవాళ్లు లక్షమంది దాకా ఉంటారని అంచనా, బంగారం పక్కనే వెలసిన డాసన్ ఊరు చేరింది 30,000 నుంచి 40,000 మంది.

ఇక నాన్నగారు అడిగిన మనిషి. నుదుటి పట్టీ, మూట అంటే నూటికి తొంభై పాళ్లు ఆ తీరంలో ఉండే ట్లింగిట్ జాతి మనిషే అయ్యుంటాడు. చిల్కూట్ వాళ్ల దారి. తెల్లవాళ్లు రాకముందు ఎన్నో తరాలు వాళ్లు సముద్రం పక్క నుంచి చేపనూనె తీసుకెళ్లి లోపలి జాతులకి ఇచ్చి, బొచ్చు తోళ్లు తెచ్చుకునేవాళ్లు. ఇతరులెవరూ ఆ కనుమ ఎక్కకుండా కాపలా కాసేవాళ్లు. బంగారం మనుషులు వచ్చాక మోత పనికి వాళ్లే దిక్కయ్యారు. మగవాళ్లు మామూలుగా వంద పౌండ్ల దాకా ఎత్తేవాళ్లు. ఆడవాళ్లు, పిల్లలూ మోసేవాళ్లు. స్కూకమ్ జిమ్ ఒకసారి 156 పౌండ్ల బేకన్ వీపున వేసుకుని ఈ కనుమ దాటాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అంటే 70 కిలోలు. నిండు బియ్యం బస్తాకి కొంచెం తక్కువ.

దోసెపిండి_అక్క
70 కిలోలా! మా ఆయన పాతిక కిలోల సోనామసూరి బస్తా కారు డిక్కీ నుంచి వంటింట్లోకి తెచ్చేసరికి మూడు చోట్ల ఆగుతారు.

స్టూడియో_మావయ్య
ఫొటో సంగతి నాకు వదలండి. మా నాన్నగారిది రాజమండ్రిలో స్టూడియో, నేనూ నలభై ఏళ్లు అదే పని చేశాను.

ముందు ఆ రోజుల్లో పద్ధతి. అంతకు ముందు తరంలో తడి ప్లేటు ఉండేది. గాజు పలక మీద మందు పూసి, అది ఆరకముందే ఫొటో తీసి, అప్పటికప్పుడే కడగాలి. మంచుకొండల్లో అది చాలా కష్టం. 1880ల కల్లా పొడి ప్లేట్లు వచ్చేశాయి. ఫ్యాక్టరీలోనే జెలటిన్ పూసి పెట్టెలో పెట్టి అమ్ముతారు. తీసిన తర్వాత నెలకి కడుక్కున్నా ఫరవాలేదు. అందుకే ఈ ఫొటోలు ఇన్ని ఉన్నాయి.

కానీ బరువు! ఎనిమిది పది అంగుళాల ప్లేటు ఒక్కటి పావు కిలో దగ్గర తూగుతుంది. నాలుగు డజన్లంటే పది పన్నెండు కిలోలు, పైగా గాజు. దానికి తోడు చెక్క కెమెరా, స్టాండు, మందులు. హైపో (బొమ్మని నిలిపే మందు) కలపాలన్నా ప్లేటు కడగాలన్నా నీళ్లు కావాలి. అక్కడ నీళ్లంటే మంచు కరిగించుకోవడమే. మందు చల్లబడితే ప్లేటు మీద బొమ్మ సరిగా తేలదు. మాకు జనవరిలో గోదావరి గాలికే డెవలపర్ చల్లబడితే గిన్నె కింద వేడినీళ్లు పెట్టేవాళ్లం. వాళ్లు గుడారంలో స్టవ్ పక్కన ఎంత అవస్థ పడి ఉంటారో ఊహించగలను.

వానచినుకు గారూ, మీ ప్రింటు అడుగున తెల్లటి అక్షరాలు ఏమైనా ఉన్నాయా? నంబరు, పేరు? చూసి చెప్పండి.

వానచినుకు_సియాటిల్
ఉన్నాయి మావయ్య గారూ. ఎడమ మూల ఒక నంబరు. తర్వాత "హెగ్" అని.

స్టూడియో_మావయ్య
అనుకున్నాను. ఎరిక్ హెగ్. స్వీడన్‌లో పుట్టి అమెరికా వచ్చిన ఫొటోగ్రాఫర్. మీ సియాటిల్‌కి ఉత్తరాన బెల్లింగ్‌హామ్‌లో స్టూడియో ఉండేది. 1897లో దాన్ని వదిలిపెట్టి ఉత్తరానికి పోయాడు. మేకలు లాగే స్లెడ్జి బండి మీద కెమెరా సామాను వేసుకుని తిరిగాడు. ఆ మేకల బండితో దిగిన ఫొటో కూడా ఉంది, వెతకండి.

ఆ తెల్ల అక్షరాలు ఎలా వస్తాయో తెలుసా? ప్లేటు మీద మందు ఉన్న వైపు సన్నటి కలంతో నల్ల ఇంకు పెట్టి, తిరగేసి రాస్తారు. అద్దంలో చూసినట్టు. ఇంకు వెలుగుని ఆపుతుంది కాబట్టి ప్రింటులో ఆ చోటు తెల్లగా పడుతుంది. మా నాన్నగారు "శ్రీ" అక్షరం తిరగేసి ఒక్క గీటులో రాసేవారు. నాకు ఎప్పుడూ కుదరలేదు.

ఇంకో సంగతి. ఆ కాలం ప్లేట్లు నీలి వెలుగుని ఎక్కువగా పట్టుకుంటాయి, ఎరుపుని దాదాపు పట్టుకోవు. అందుకే ఆకాశం, మంచు రెండూ కలిసిపోయి తెల్లకాగితంలా కనిపిస్తాయి, మనుషులు చీమల్లా తేలతారు. ఎండకి కమిలిన మొహాలు, గోధుమరంగు మొహాలు అసలు కన్నా బాగా నల్లగా పడతాయి. పాత ఫొటోల్లో ఆ జాతులవాళ్ల మొహాలు మసిపూసినట్టు ఉండటానికి ఇదొక కారణం. అది ఆ మనిషి అసలు రంగు కాదు.

కోలార్_మనవరాలు
ఈ చివరి పేరా నాలుగుసార్లు చదివాను. మా ఇంట్లో ఉన్న ఒక ఫొటో గుర్తొచ్చింది.

మా ముత్తాత చిత్తూరు వైపు నుంచి కోలార్ బంగారు గనుల్లో పనికి వెళ్లారు. ఇదే కాలం. అక్కడ బ్రిటిష్ కంపెనీ 1880ల నుంచి తవ్వడం మొదలుపెట్టింది, 1902లో శివసముద్రం నుంచి కరెంటు కూడా తెచ్చారు. మా దగ్గరున్న ఫొటోలో ముందు వరుసలో నలుగురు దొరలు కుర్చీల్లో, కింద వాళ్ల పేర్లు అచ్చులో. వెనక ఇరవై మంది తలపాగాలతో నిలబడి ఉంటారు, ఒక్క పేరూ లేదు. మా ముత్తాత అందులో ఉన్నారని నాయనమ్మ గట్టిగా చెప్పేది గానీ ఎవరో చూపించలేకపోయేది. అందరి మొహాలూ నల్లటి మచ్చల్లాగే ఉంటాయి. వానచినుకు గారి నాన్నగారి ప్రశ్న నాకు అందుకే గుచ్చుకుంది.

నిజం_నిష్ఠూరం
అందరూ ఎమోషనల్ అవుతున్నారు గానీ, ఒక మాట. వీళ్లంతా ఆశకొద్దీ పోయినవాళ్లు. వేరేవాళ్ల నేల మీదకి బంగారం కోసం ఎగబడ్డారు. ఈ ఫొటోలని "సాహసం" అని గోడకి తగిలించుకోవడం నాకు నచ్చదు.

యూకాన్_దారి
సగం ఒప్పుకుంటాను నిష్ఠూరం గారూ. క్లోండైక్ నది కలిసే చోట ట్రోన్‌డెక్ హ్వెచిన్ జాతివాళ్ల చేపల రేవు ఉండేది. ట్రోన్‌డెక్ అన్న మాటే తెల్లవాళ్ల నోట క్లోండైక్ అయింది. వల కోసం నీళ్లలో కర్రలు దిగగొట్టే సుత్తిరాయి నుంచి వచ్చిన పేరు అది. వేలమంది మీద పడేసరికి వాళ్ల పెద్ద చీఫ్ ఐజాక్ తన జనాన్ని కొన్ని మైళ్లు దిగువకి, మూస్‌హైడ్ అనే చోటికి తీసుకెళ్లాడు. ఈ గోలలో పాటలు, నాట్యాలు పోతాయని భయపడి, వాటిని అలాస్కాలోని తమ బంధువుల జాతికి అప్పగించాడు, దాచి పెట్టమని. దాదాపు వందేళ్ల తర్వాత ఆ పాటలు తిరిగి వాళ్ల పిల్లల దగ్గరికి వచ్చాయి. మూస్‌హైడ్‌లో రెండేళ్లకోసారి జరిగే పండగకి నేను ఒకసారి వెళ్లాను. డోలు మీద ఆ పాట మొదలవగానే ముసలివాళ్లందరూ లేచి నిలబడ్డారు.

మిగతా సగం ఒప్పుకోను. వచ్చినవాళ్లందరూ దురాశపరులు కాదు. 1893లో అమెరికాలో బ్యాంకులు కూలి, లక్షలమందికి పనుల్లేవు. చాలామంది గుమాస్తాలు, రైతులు, బార్బర్లు. ఉన్నది తాకట్టు పెట్టి వచ్చినవాళ్లు.

నిజం_నిష్ఠూరం
పాటలు దాచిపెట్టమన్న సంగతి తెలియదు. ఇది ఆ ప్రింటు వెనక రాయాల్సిన మాట.

బొగ్గింజన్
"ఫొటో కోసం నిలబెట్టారా" అన్న ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. నిలబెట్టలేదు. 1897–98 చలికాలమంతా అక్కడ అదే దృశ్యం. కారణం ఆ "ఒక టన్ను".

డాసన్‌లో తిండి లేక జనం చచ్చిపోతారని కెనడా పోలీసులు కనుమ కొస మీద చెక్‌పోస్టు పెట్టి, ఏడాదికి సరిపడా తిండి ఉంటేనే లోపలికి వదిలారు. గుడారం, పనిముట్లతో కలిపితే మనిషికి టన్ను దాకా వచ్చేది. అప్పటి జాబితాల్లో ఇలా ఉంటుంది: గోధుమపిండి 400 పౌండ్లు, బేకన్ 150, బీన్స్ వందకి పైన, ఇంకా చక్కెర, ఉప్పు, ఎండబెట్టిన ఆపిల్ ముక్కలు, సబ్బు, కొవ్వొత్తులు.

గుర్రం ఆ ఏటవాలు ఎక్కలేదు. మనిషి ఒక్కసారికి మోసేది యాభై అరవై పౌండ్లు. కాబట్టి ఒక్కొక్కడు ఆ కొండ ముప్పై నలభై సార్లు ఎక్కాలి. మంచులో చెక్కిన మెట్లు సుమారు 1,500. చెక్కినవాళ్లు దానికి టోల్ వసూలు చేసేవాళ్లు. వరుసలోంచి ఊపిరి తీసుకోవడానికి పక్కకి జరిగితే మళ్లీ దూరడానికి గంటలు పట్టేది. అంటే ఆ ఫొటోలో వందమంది కనిపిస్తుంటే, నిన్నా మొన్నా కూడా వాళ్లే ఎక్కారన్న మాట.

కాకినాడ_కుర్రాడు
మరి దిగడం?

బొగ్గింజన్
కూర్చుని జారడమే. మంచులో గాడిలాంటిది పడిపోయింది. పైకి గంటలు, కిందికి నిమిషాలు.

పాతబస్తీ_పిల్లగాడు
జారుడు బండ మాత్రం మస్తుంటది. నలభై సార్లు ఎక్కుడు మాత్రం మనతో కాదు, తిరుమల మెట్లు ఒక్కసారికే రెండు రోజులు కాళ్లు పట్టుకున్నాయి.

దోసెపిండి_అక్క
400 పౌండ్ల పిండి అన్నారు కదా, దాంతో ఏం చేసుకునేవాళ్లో చెప్తాను. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. అక్కడ పాతకాపుల్ని "సార్‌డో" అంటారు, అంటే పులిసిన పిండి. ఈస్టు దొరకదు కాబట్టి, పులిసిన పిండి కొంచెం మిగిల్చి, దాన్నే తర్వాతి రొట్టెకి తోడు వేసుకునేవాళ్లు. గడ్డకడితే ఆ పులుపు చచ్చిపోతుందని రాత్రుళ్లు ఆ డబ్బా ఒంటికి ఆనించుకుని, దుప్పటి లోపల పెట్టుకుని పడుకునేవాళ్లట. ఒక చలికాలం గడిపినవాడే సార్‌డో. కొత్తగా వచ్చినవాణ్ని "చీచాకో" అనేవాళ్లు.

నేను మినియాపొలిస్‌లో మొదటి చలికాలం, పెరుగు తోడుకోవడం లేదని గిన్నెకి శాలువా చుట్టి ఒళ్లో పెట్టుకుని టీవీ చూశాను. ఆ మనుషులు నాకు వెంటనే అర్థమయ్యారు.

పాతబస్తీ_పిల్లగాడు
అక్కా, అయితే మీరు సార్‌డో. మేం ఇంకా చీచాకోలం.

చెట్టునీడ
చాప్లిన్ మూకీ సినిమా మొదట్లో ఇదే వరుస ఉంటుంది కదా? మా తాతయ్య పదహారు ఎం.ఎం. ప్రొజెక్టర్ మీద చూపించారు.

స్టూడియో_మావయ్య
అదే. చాప్లిన్ స్నేహితుడి ఇంట్లో ఈ క్లోండైక్ ఫొటోలు స్టీరియోస్కోప్‌లో చూసి ఆ ఆలోచన వచ్చిందని తనే రాసుకున్నాడు. స్టీరియోస్కోప్ అంటే పక్కపక్కన రెండు బొమ్మలున్న అట్టని కళ్లద్దాల్లాంటి పెట్టెలో పెట్టి చూస్తారు. లోతు కనిపిస్తుంది. మాకు తిరునాళ్లలో ఉండేది.

ఇప్పుడు హెగ్ ప్లేట్ల కథ చెప్పనివ్వండి, గుండె తరుక్కుపోతుంది. హెగ్ డాసన్ వదిలి పోయేటప్పుడు చాలా ప్లేట్లు అక్కడే ఉండిపోయాయి. ఎన్నో ఏళ్ల తర్వాత డాసన్‌లో ఒక పాత చెక్క ఇంటి గోడల్లో గాజు ప్లేట్లు బయటపడ్డాయి. దొరికిన ఆవిడ వాటి మీద మందు గీకేసి, మొక్కలకి గాజు గది కట్టుకుందామనుకుంది. తను పనిచేసే కొట్టు యజమానిని ఎలా గీకాలో అడిగితే, ఆయన వాటి విలువ గ్రహించి, బదులు కొత్త గాజు ఇచ్చి తీసుకున్నాడు. అలా బతికాయి. హెగ్ ఫొటోల పెద్ద సేకరణ ఇప్పుడు సియాటిల్‌లోనే, వాషింగ్టన్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది. ఆన్‌లైన్‌లో పెద్దవి చేసుకుని చూడొచ్చు.

మా ఊళ్లో అలాంటి యజమాని దొరకలేదు. 1970ల్లో మా పక్క స్టూడియో మూసేసినప్పుడు రెండు బీరువాల నిండా ప్లేట్లు. పెళ్లిళ్లు, పుష్కరాలు, 1953 వరద. అన్నీ వేడినీళ్లలో సోడా వేసి కడిగి, ఫొటో ఫ్రేములు కట్టేవాళ్లకి అద్దం రేటుకి అమ్మేశారు. తొట్టిలో జెలటిన్ పొర పెళ్లికూతురి మొహంతో సహా పాలమీగడలా తేలుతుంటే నేను చూశాను. నాకప్పుడు పదహారేళ్లు. వద్దనే ధైర్యం లేదు.

కోలార్_మనవరాలు
మావయ్య గారూ... ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

యూకాన్_దారి
డాసన్‌లో ఇలాంటిదే ఇంకొకటి. 1978లో పాత ఐస్ హాకీ రింకు దగ్గర తవ్వుతుంటే మట్టిలోంచి సినిమా రీళ్లు బయటపడ్డాయి. 533 రీళ్లు. సినిమాలు ఊరూరా తిరిగి చివరికి డాసన్ చేరేవి. తిరిగి పంపే ఖర్చు దండగని కంపెనీలు వద్దనేవి. 1929లో పాత ఈతకొలను పూడ్చి రింకు చేస్తూ వాటిని అందులో పడేశారు. నేల ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉంటుంది కాబట్టి మిగిలాయి. ఇంకెక్కడా లేని మూకీ సినిమాలు అందులో ఉన్నాయి.

చెట్టునీడ
ఈతకొలను నిండా సినిమాలు! మావయ్య గారి తొట్టి కథ తర్వాత ఇది కాస్త ఊరటనిచ్చింది.

నిజం_నిష్ఠూరం
మళ్లీ అసలు ప్రశ్నకి వద్దాం. ట్లింగిట్ మోతగాళ్లు బలవంతంగా మోశారా? కూలీ ఇచ్చేవాళ్లా?

యూకాన్_దారి
బలవంతం కాదు. పౌండుకి ఇంత అని రేటు మాట్లాడుకునే పని. మంచు, బురద, తొందర ఎక్కువైన కొద్దీ రేటు పెంచేవాళ్లు. ఎక్కువిచ్చేవాడు కనిపిస్తే మధ్యదారిలో మూట దింపేసి పోయారని తెల్లవాళ్ల డైరీల నిండా తిట్లే. ఆదివారం పని చేసేవాళ్లు కాదు, చాలామంది అప్పటికే క్రైస్తవులు. దాని మీదా తిట్లే. నాకైతే అవి చదివితే వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. వాళ్ల కొండ, వాళ్ల రేటు.

ఇంకొకటి చెప్పాలి. 1898 ఏప్రిల్ 3. మట్టల ఆదివారం. కొన్ని రోజులుగా కొత్త మంచు మెత్తగా పడుతోంది. మోతగాళ్లు కొండవైపు చూసి, ఈ రోజు పైకి వెళ్లకూడదని చెప్పి దిగిపోయారు. తెల్లవాళ్లు చాలామంది వినలేదు. మంచు చరియ విరిగి అరవై మందికి పైగా చనిపోయారు. డైయీలో మిగిలిన సమాధులు అన్నారే బొగ్గింజన్ గారు...

బొగ్గింజన్
సమాధుల మాట నేను అనలేదు, కానీ అవును, అవే. ఒకే తేదీ వరసగా ఉంటుంది పలకల మీద.

యూకాన్_దారి
పొరపాటు నాదే, అడవి అన్నారు. ఏదేమైనా, నిష్ఠూరం గారూ, మాట వినని వాళ్ల పేర్లు పలకల మీద ఉన్నాయి. వద్దని చెప్పినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

సంచారి_సత్తి
ఇన్ని చదివాక అడుగుతున్నాను. మన హిమాలయాల వైపు, లద్దాఖ్ దారుల్లో కూడా ఇలాంటి ఫొటోలు ఉన్నాయి కదా. అవి వదిలేసి అలాస్కా ఎందుకు?

వానచినుకు_సియాటిల్
సత్తి గారూ, ఈ ఫొటో మా టేబుల్ మీద ఉంది కాబట్టి. లద్దాఖ్ గురించి మీరు ఒకటి మొదలుపెట్టండి, మా నాన్న భూతద్దంతో సహా వస్తారు.

సంచారి_సత్తి
ఖాయం. నా దగ్గర జోజి లా కనుమలో గుర్రపు మోతవాళ్లది ఒకటి ఉంది. ఈ వారంలో పెడతాను.

కాకినాడ_కుర్రాడు
కనుమ దాటాక? అక్కడి నుంచి డాసన్‌కి నడకేనా?

బొగ్గింజన్
పడవలు. బెన్నెట్ సరస్సు గట్టున గుడారాలు వేసుకుని, చెట్లు కొట్టి, పలకలు కోసి, పడవలు కట్టుకున్నారు. 1898 మే 29న మంచు విడిపోయింది. పోలీసుల లెక్క ప్రకారం 7,124 పడవలు. అక్కడి నుంచి యూకాన్ నది మీద 500 మైళ్లకి పైన.

ఆ ఫొటోల్లో నాకు ఇష్టమైనది పడవల బారు కాదు. పలకలు కోసే ఫొటో. ఎత్తైన మంచె మీద దుంగ, ఒకడు పైన, ఒకడు కింద, మధ్యలో నిలువెత్తు రంపం. కిందవాడి కళ్లలో రంపపు పొట్టు. పైవాడు గీత తప్పాడని కిందవాడు, కిందవాడు వేలాడుతున్నాడని పైవాడు. చిన్నప్పటి నుంచి కలిసున్న స్నేహితులు అక్కడ విడిపోయి, ఉన్న పడవని, స్టవ్‌ని కూడా రెండుగా కోసుకున్న సందర్భాలు ఉన్నాయి.

పాతబస్తీ_పిల్లగాడు
సగం పడవతోని ఏం జేస్తరు?

దోసెపిండి_అక్క
మా పెదనాన్నలు పొలం గట్టు తగాదాలో బావి మధ్యలో గోడ కట్టారు. అదేం చేస్తారో ఇదీ అదే.

స్టూడియో_మావయ్య
మూటలు మోసినవాళ్ల మొహాలు దగ్గరగా చూడాలంటే ఇంకో స్టూడియో ఉంది. జూనోలో వింటర్, పాండ్ అని ఇద్దరు భాగస్వాములు, 1893 నుంచి. బంగారం గోలకి ముందు నుంచే ట్లింగిట్ ఊళ్లలో తిరిగి తీశారు. ఇళ్లు, పడవలు, చేపలు ఎండబెట్టడం, బుట్టలు అల్లే ఆడవాళ్లు. కొన్ని స్టూడియోలో వేషం వేయించి తీసినవే, వెనక రంగుల తెర తెలిసిపోతుంది. కానీ ఊళ్లో తీసినవాటిలో మనుషులు కెమెరావైపు చూసే చూపు వేరుగా ఉంటుంది. తెలిసినవాడి ముందు నిలబడ్డ చూపు. ఆ ఫొటోలు అలాస్కా రాష్ట్ర లైబ్రరీలో ఉన్నాయి.

కోలార్_మనవరాలు
వాటిలో పేర్లు ఉన్నాయా?

స్టూడియో_మావయ్య
కొన్నింటికి ఉన్నాయమ్మా.

యూకాన్_దారి
ఇది నాకు బాగా తెలిసిన పని. ఇక్కడి ఆర్కైవ్స్ వాళ్లు పాత ఫొటోలని పెద్దల దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తారు. నేను ఒకసారి వాలంటీర్‌గా వెళ్లాను. ఒక ముసలావిడ ఫొటోలో మొహం చూడలేదు, చేతిలో ఉన్న బుట్ట అల్లిక చూసి ఇది ఫలానా వాళ్ల ఇంటిదని చెప్పేసింది. మీ ముత్తాతగారి ఫొటో కూడా అలా చూపించాల్సిందే. తలపాగా చుట్టు చూసి గుర్తుపట్టే పెద్దవాళ్లు మీ ఊళ్లో ఇంకా ఉండొచ్చు.

కోలార్_మనవరాలు
మా అమ్మమ్మ చెల్లెలు కుప్పంలో ఉంది, తొంభై ఒకటి. సంక్రాంతికి వెళ్తున్నాను. స్కాన్ చేసి పెద్ద సైజు ప్రింటు తీసుకెళ్తాను.

స్టూడియో_మావయ్య
స్కాన్ చేయించేటప్పుడు ఫొటో వాళ్ల చేతికి ఇచ్చి రాకండి, పక్కనే నిలబడండి. టచింగ్ చేస్తామంటే వద్దనండి. మచ్చలు తీసేస్తే మొహాలూ పోతాయి.

వానచినుకు_సియాటిల్
నాన్నకి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. చీఫ్ ఐజాక్ పాటల సంగతి దగ్గర ఆపమని, రెండోసారి చదివించుకున్నారు.

తర్వాత ప్రింటు వెనక్కి తిప్పి, మెత్తటి పెన్సిల్‌తో తెలుగులో రాశారు: "చిల్కూట్ కనుమ, 1898. ఇది ట్లింగిట్ ప్రజల దారి. కింద మూల మూటతో ఉన్న ఆయన ఆ జాతి మోతగాడు కావచ్చు. పేరు దొరికితే ఇక్కడ రాయాలి." కింద అంగుళం ఖాళీ వదిలారు.

ఈ శనివారం పయనీర్ స్క్వేర్‌లో ఉన్న క్లోండైక్ మ్యూజియంకి, తర్వాత యూనివర్సిటీ లైబ్రరీకి తీసుకెళ్తున్నాను. మావయ్య గారూ, మీ దగ్గర ప్లేట్లు ఏమైనా మిగిలాయా?

స్టూడియో_మావయ్య
మా నాన్నగారివి నలభై మూడు ఉన్నాయి. అటక మీద, బిస్కెట్ డబ్బాలో, ఒక్కోదానికి పాత ఆంధ్రపత్రిక కాగితం చుట్టి. ఆదివారం దింపుతాను. మనవడు వెనక లైటు పెట్టి ఫోనుతో తీస్తానన్నాడు. అంచులు పట్టుకునే ఎత్తాలని వాడికి మామూలు గాజు ముక్క ఇచ్చి రెండు రోజులుగా నేర్పిస్తున్నాను.